సీటన్ ట్రామ్: రైలు వెళ్లిపోయిన దారిలో

(కాకినాడలో చేసిన ప్రసంగానికి రాతరూపం. ఆ రోజు రాలేకపోయిన మిత్రుల కోసం.)

అందరికీ నమస్కారం. కాకినాడలో నిలబడి ఎక్కడో ఇంగ్లండ్‌లో నడిచే చిన్న ట్రామ్ గురించి ఇంతసేపు మాట్లాడటం ఎందుకండీ అని ఇందాక ఒకాయన అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు చెప్పేముందు నేనూ మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీలో కోటిపల్లి రైలు ఎక్కినవాళ్లు ఎంతమంది? ఒకసారి చేతులెత్తండి. ఆ, చాలామందే ఉన్నారు. రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా పొలాల మధ్య ఒంటిపెట్టె రైలు బస్సులో వెళ్లినవాళ్లు, మీకు ఆ ప్రయాణం గుర్తుండే ఉంటుంది.

ఆ లైను 1928లో వేశారు. 1940లో, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, పట్టాలు పీకేశారు. మళ్లీ రైలు నడిచింది 2004లో. మధ్యలో అరవై నాలుగేళ్లు. ఈ అరవై నాలుగేళ్లూ మీ తాతలు, మీ నాన్నలు ఏం చూశారు? పట్టాలు లేని రైలు దారిని చూశారు. నేను మాట్లాడబోయేది అచ్చంగా దాని గురించే. రైలు పోతుంది, పట్టాలు పోతాయి, మరి దారి? దారి ఏమవుతుంది? ఆ ప్రశ్నకు నాకు తెలిసినంతలో చాలా చక్కటి జవాబు సీటన్‌లో దొరికింది. అందుకే ఈ ప్రసంగం.

సీటన్ ఎక్కడుంది? ఇంగ్లండ్ నైరుతి మూల డెవన్ అనే కౌంటీ ఉంది. దాని తూర్పు కొసన, సముద్రం ఒడ్డున, చిన్న ఊరు సీటన్. పక్కనే యాక్స్ అనే నది సముద్రంలో కలుస్తుంది. పెద్ద నదేం కాదు, మన గోదావరి చూసిన కళ్లకు పంట కాలువలా అనిపిస్తుంది. కానీ ఆటుపోట్లు లోపలిదాకా వస్తాయి, ఒడ్డు పొడుగునా ఉప్పు చిత్తడి నేలలు, వాటి నిండా పక్షులు. ఆ నది పక్కన 1868లో ఒక రైలు లైను వేశారు. సీటన్ జంక్షన్ అని మెయిన్ లైను మీద ఒక స్టేషన్, అక్కణ్నుంచి కోలిటన్, కోలిఫర్డ్ మీదుగా సీటన్‌కి. మొత్తం కలిపి నాలుగున్నర మైళ్లు కూడా లేదు. వేసవిలో సముద్రం చూడటానికి వచ్చేవాళ్లతో కళకళలాడేది. చలికాలంలో అంతంతమాత్రం.

తర్వాత కార్లు వచ్చాయి. 1963లో బ్రిటిష్ రైల్వేల ఛైర్మన్ రిచర్డ్ బీచింగ్ ఒక నివేదిక ఇచ్చారు. 2,000కు పైగా స్టేషన్లు మూసేయాలి, వేల మైళ్ల లైను ఎత్తేయాలి అని. నష్టం వచ్చే లైన్లు ఎందుకు నడపాలి అన్నది ఆయన లెక్క. లెక్క ఆయనకు సరిగానే వచ్చి ఉండొచ్చు. కానీ ఆ లెక్కలో దారికి విలువ కట్టలేదు. ఆ మాట నేను గట్టిగా అంటాను. లైను మూసేశాక ఆ స్థలాన్ని చాలాచోట్ల ముక్కలు ముక్కలుగా అమ్మేశారు. ఒక ముక్క రైతుకి, ఒక ముక్క ఇళ్లకి, ఒక ముక్క రోడ్డుకి. మీరే చెప్పండి, ముక్కలైన దారిని మళ్లీ కొనగలమా? వంద మైళ్ల లైనులో మధ్యన పది ఇళ్లు లేచినా చాలు, ఆ లైను పని అయిపోయినట్టే.

సీటన్ బ్రాంచి 1966 మార్చిలో మూతపడింది.

ఇక్కడ ఇంకొకాయన కథలోకి వస్తాడు. క్లాడ్ లేన్. లండన్‌కి ఉత్తరాన బార్నెట్‌లో ఆయనకు ఒక కంపెనీ ఉండేది. ఏం చేసేవాళ్లు? బ్యాటరీ బండ్లు. పొద్దున్నే ఇంటింటికీ పాలు పోసే బ్యాటరీ బండ్లు ఇంగ్లండ్‌లో ఉండేవి కదా, ఆ కోవ బండ్లు. అంటే మోటారు, బ్యాటరీ, కంట్రోలరు ఇవన్నీ ఆయనకు రోజువారీ పని. ట్రాములంటే మాత్రం ప్రాణం. 1949లో ఒక చిన్న ట్రామ్ చేసి, 15 అంగుళాల గేజ్‌తో, అంటే రెండు పట్టాల మధ్య అంత దూరం ఉంచి, పట్టాలు వేసి, తోటల్లో జరిగే ఉత్సవాల్లో పిల్లల్ని ఎక్కించి తిప్పాడు. జనం ఎగబడ్డారు. దాంతో సముద్రపు ఊళ్లలో ఒకచోట, ఇంకొకచోట నడిపి, చివరికి 1954లో ఈస్ట్‌బోర్న్‌లో స్థిరపడ్డాడు. అక్కడ రెండడుగుల గేజ్. పార్కు పక్కన చిన్న లైను. పదిహేనేళ్లు నడిచింది.

కానీ ఆ స్థలం ఆయనది కాదు. లీజు. పైగా అటువైపు కొత్త రోడ్డు ఆలోచనలు. ఎంత బాగా నడిచినా, ఎంతమంది ఎక్కినా, కింద నేల మనది కాకపోతే ఏం లాభం? లేన్‌కి ఆ సంగతి అర్థమైంది. సొంత దారి కావాలి. ఎవరూ లేవమనని దారి కావాలి. అలా వెతుకుతుంటే కళ్లబడింది సీటన్ బ్రాంచి.

ఇప్పుడు చూడండి ఆయన ఏం చేశాడో. మెయిన్ లైను దాకా మొత్తం కావాలని పట్టుబట్టలేదు. సీటన్ నుంచి కోలిటన్ దాకా మూడు మైళ్లు తీసుకున్నాడు. చట్టప్రకారం లైట్ రైల్వే అనుమతులన్నీ, అంటే చిన్న, తేలిక లైన్లకు కావలసినవి, సంపాదించాడు. 1969లో ఈస్ట్‌బోర్న్ లైను మూసేసి, ఆ శీతకాలమంతా పట్టాలు, ట్రాములు, షెడ్డు సామాను, ఒక్కటి వదలకుండా లారీలకెక్కించి సీటన్‌కి తరలించారు. ఒక ఊళ్లో విప్పిన రైల్వేని ఇంకో ఊళ్లో బిగించడం అన్నమాట. 1970 ఆగస్టు 28న మొదటి ట్రామ్ ప్రయాణికులతో కదిలింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను, ఎందుకంటే ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. నేను రైల్వేలో ఓహెచ్‌ఈ విభాగంలో, అంటే పట్టాల పైన కరెంటు తీగలు చూసుకునే విభాగంలో, పనిచేసినవాణ్ణి. పట్టాల మీద తీగ లేకపోతే ఎలక్ట్రిక్ బండి నడవదన్నది మా ఉద్యోగంలో మొదటి పాఠం. సీటన్‌లో మొదటి ట్రామ్ కదిలిన రోజు పైన తీగ లేదు! స్తంభాలు పాతి, తీగ లాగేంత సమయం లేదు, డబ్బూ లేదు. మరి ఎలా నడిచింది? ట్రామ్ వెనకాల ఒక చిన్న ట్రాలీ తగిలించారు. దాని నిండా బ్యాటరీలు. ఆయన బ్యాటరీ బండ్ల మనిషి కదా! పైన కరెంటు లేకపోతే వెనకాల కరెంటు. మూడేళ్లు అలాగే లాగారు. పైన తీగ వచ్చింది 1973లో.

అది చూడటానికి మాత్రం క్లాడ్ లేన్ లేడు. 1971 ఏప్రిల్‌లో గుండెపోటుతో పోయాడు. లైను మొదలై ఏడాది కూడా నిండలేదు. మూడు మైళ్లలో కొంత భాగమే పూర్తయింది. అలాంటప్పుడు చాలా పనులు ఆగిపోతాయి. మనకు తెలియనిదా? ఒక్క మనిషి పట్టుదల మీద నడిచే సంస్థ, ఆ మనిషి పోగానే తాళం పడుతుంది. ఇక్కడ అలా జరగలేదు. ఆయన దగ్గర పనిచేసిన అలన్ గార్డ్‌నర్ బాధ్యత తీసుకున్నాడు. 1971లోనే కోలిఫర్డ్ దాకా వెళ్లారు. 1973లో తీగ. 1975లో సీటన్ ఊళ్లోకి. 1980లో కోలిటన్‌కి. మూడు మైళ్లు వేయడానికి పదేళ్లు పట్టింది. వచ్చిన డబ్బుతో కొంచెం, మళ్లీ వచ్చిన డబ్బుతో ఇంకొంచెం. నాకు ఈ పద్ధతి మీద చాలా గౌరవం ఉంది.

1975 అన్నాను కదా, ఆ సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. సీటన్‌లో పాత రైల్వే స్టేషన్ ఉన్న స్థలం ట్రామ్‌కి దక్కలేదు. అప్పటికే చేతులు మారిపోయింది. అందువల్ల నది పక్కన షెడ్డు దగ్గర్నుంచి ఊళ్లోకి రావడానికి పాత దారి పనికిరాలేదు, కొత్తగా పక్కకు తిప్పి హార్బర్ రోడ్ దగ్గరకు పట్టాలు వేసుకోవాల్సి వచ్చింది. మరి ఆ చివర? కోలిటన్‌లో పాత రైల్వే స్టేషన్ అలాగే ఉంది. ట్రామ్ నేరుగా వెళ్లి ఆ భవనం పక్కనే ఆగుతుంది. లోపల ఇప్పుడు టీ, టిఫిన్లు, బొమ్మల కొట్టు. చూశారా తేడా? ఒకే లైనుకి రెండు కొసలు. ఒకచోట స్థలం మిగిలింది, ఒకచోట మిగల్లేదు. మిగిలిన చోట ఉన్నదాన్ని వాడుకున్నారు. మిగలని చోట మళ్లీ మొదట్నుంచి కట్టుకున్నారు. సీటన్‌లో ఇప్పుడున్న స్టేషన్ భవనం లేచింది 2018లో.

ఇప్పుడు ట్రామ్ దగ్గరికి వద్దాం. వెనకవాళ్లకు తెర మీద బొమ్మ కనబడుతోందా? లైటు కొంచెం తగ్గించండి బాబూ. ఆ, ఇప్పుడు బాగుంది.

బొమ్మలో చూస్తే మామూలు డబుల్ డెక్కర్ ట్రామ్‌లా ఉంది కదా? పక్కన నిలబడ్డ మనిషిని చూడండి. ట్రామ్ పొట్టిది! అసలు ట్రాములో దాదాపు సగం, కొన్నయితే సగం కంటే కాస్త పెద్దవి. పట్టాల మధ్య దూరం రెండడుగుల తొమ్మిది అంగుళాలు, అంటే 838 మిల్లీమీటర్లు. మన శ్రీకాకుళం జిల్లాలో నౌపడా నుంచి గుణుపురం వెళ్లే పాత నారో గేజ్ చూసినవాళ్లున్నారా? అది రెండడుగుల ఆరంగుళాలు. దానికంటే ఇది మూడంగుళాలే ఎక్కువ. ఈస్ట్‌బోర్న్‌లో రెండడుగుల గేజ్ మీద నడిచిన ట్రాములన్నిటికీ ఇక్కడికొచ్చాక చక్రాల వెడల్పు మార్చారు.

మరి ఈ బొమ్మ చూడండి. ఇది 14వ నంబరు ట్రామ్. ఇది 1904 నాటిది. లండన్‌లో మెట్రోపాలిటన్ ఎలక్ట్రిక్ ట్రామ్‌వేస్ వాళ్ల పెద్ద ట్రామ్, 94వ నంబరు. అసలైన, పూర్తి సైజు వీధి ట్రామ్. దాన్ని ఈ చిన్న పట్టాల మీదికి ఎలా ఎక్కించారు? కోశారు! పై అంతస్తు వదిలేసి, కింది గదిని కోసి, వెడల్పు తగ్గించి, మళ్లీ అతికి, కింద కొత్త చక్రాలు పెట్టారు. 1984లో సీటన్‌లో నడవడం మొదలెట్టింది. తర్వాత బోర్న్‌మత్ ఊరి ట్రామ్ ఒకటి, 1921 నాటిది, 16వ నంబరు. ఆ తర్వాత ఎక్సెటర్ ఊరి ట్రామ్ ఒకటి, 1906 నాటిది, 19వ నంబరు. ఎక్సెటర్ అదే డెవన్‌లోని పెద్ద ఊరు. అక్కడ ట్రాములు 1931లోనే ఆగిపోయాయి. ఆ ఊళ్లో ట్రామ్ ఎక్కాలంటే ఇప్పుడు ఎక్సెటర్ వాళ్లు సీటన్‌కి రావాలి.

ఇలా కోయడం తప్పు కదా అంటారు కొందరు. పాతదాన్ని పాతదిగానే ఉంచాలి, ముట్టుకోకూడదు అని. నేను వాళ్లతో ఏకీభవించను. ఎందుకో చెప్తాను. కోయకపోతే ఆ బాడీలు ఏమయ్యేవి? వీధుల్లో ట్రాములు ఎత్తేశాక బాడీలను పెరట్లో పాకల్లా వాడుకున్నారు, తోటల్లో పడేశారు, చాలావరకు చివికిపోయాయి. కోసినందుకు ఈ మూడూ నడుస్తున్నాయి. జనం ఎక్కుతున్నారు, ఆ చెక్క బెంచీల మీద కూచుంటున్నారు, ఇత్తడి పిడి పట్టుకుంటున్నారు. మ్యూజియంలో అద్దం వెనక ఉన్న ట్రామ్‌ని కూడా నేను గౌరవిస్తాను, అదీ ఉండాలి. కానీ ట్రామ్ అన్నది నడవడానికి పుట్టింది.

ఈ లైనులో ఏది మార్చలేదో అడగండి, చెప్పడం తేలిక. దారి మార్చలేదు. మిగిలిందంతా మార్చారు. రైలు తీసేసి ట్రామ్ పెట్టారు. ఆవిరి, డీజిలు పోయి కరెంటు వచ్చింది. గేజ్ తగ్గించారు. బండి సైజు తగ్గించారు. ఊరి దగ్గర కొస తిప్పారు. ఆ నది పక్కన, ఆ చిత్తడి నేల గట్టు మీద, 1868లో ఎత్తిపోసిన ఆ మట్టికట్ట మాత్రం అలాగే ఉంది. దాని మీదే అన్నీ నిలబడ్డాయి.

కరెంటు సంగతి కూడా చెప్పాలి, నా పాత ఉద్యోగం ఊరుకోనివ్వదు. మన దగ్గర విశాఖ, విజయవాడ మెయిన్ లైను మీద తీగలో 25,000 వోల్టులు. సీటన్ ట్రామ్ తీగలో ఎంతో తెలుసా? 120 వోల్టులు. డీసీ. మన ఇంట్లో ప్లగ్గులో వచ్చేదాంట్లో సగం! దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. అదే పని చేయించడానికి వోల్టేజీ తగ్గితే కరెంటు అంతకంత పెరగాలి. కరెంటు పెరిగితే తీగలో నష్టం పెరుగుతుంది, దూరం పోయేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. పెద్ద బండికి, ఎక్కువ స్పీడుకి ఇది అస్సలు పనికిరాదు. కానీ ఇక్కడ బండి తేలిక, వేగం తక్కువ, దూరం మూడు మైళ్లు. సరిపోయింది. బ్యాటరీ బండ్లలో పండిపోయిన మనిషి తనకు చేతనైన వోల్టేజీలోనే ఆలోచించాడు. తన చేతిలో ఉన్న పనితనానికి తగ్గట్టు బండి సైజు పెట్టుకున్నాడు. పెద్ద ట్రాములతోనే మొదలెడదాం అనుకుని ఉంటే ఈ లైను వచ్చేది కాదని నా నమ్మకం.

నేను దీన్ని కళ్లారా చూశాను. మా అమ్మాయి వాళ్లు ఆ దేశంలో ఉంటారు, వెళ్లినప్పుడు అల్లుడు తీసుకెళ్లాడు. కోలిటన్‌లో ట్రామ్ ఆగగానే అందరూ దిగి టీ కొట్టు వైపు వెళ్లారు. నేను మాత్రం ట్రామ్ పక్కనే నిలబడిపోయాను. ఎందుకంటే అప్పుడు పోల్, అంటే పై తీగ నుంచి కరెంటు అందుకునే పొడుగాటి కడ్డీని, తిప్పుతారు. మన ఇంజన్ల మీద ఆ పనికి పాంటోగ్రాఫ్ అనే మడత చట్రం ఉంటుంది, ఎటు వెళ్లినా ఒకటే. వీటికి పొడుగాటి ట్రాలీ పోల్. అది ఎప్పుడూ వెనక్కి వాలి ఉండాలి. అంటే బండి వెనుదిరిగే ప్రతిసారీ పోల్‌ని ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పాలి. సిబ్బంది ఒకరు తాడు పట్టుకుని పోల్‌ని తీగ నుంచి కిందకు లాగి, బండి చుట్టూ నడిచి, తల పైకెత్తి చూస్తూ, సన్నటి తీగ కిందకు పోల్ కొసని మెల్లగా వదిలారు. ఒక్కసారికే కుదిరింది. చేయి తిరిగిన పని అది. తీగ ఎంత సన్నగా ఉంటుందో, కిందనుంచి చూస్తే ఆ కొస ఎంత చిన్నదో నాకు తెలుసు కాబట్టి మనసులోనే నమస్కారం పెట్టాను. తర్వాత లోపల సీట్ల వీపులన్నీ ఇటునుంచి అటు తోశారు, టకటకా. అంతే, వెనక ముందైంది.

వచ్చేటప్పుడు పై అంతస్తులో కూచున్నాను. పైకప్పు లేదు. లైను ఒకటే, మధ్య మధ్య లూపులు ఉంటాయి. ఎదురు ట్రామ్ వచ్చేదాకా అక్కడ ఆగుతారు. మన సింగిల్ లైను స్టేషన్లలో క్రాసింగ్ కోసం ఆగినట్టే. కోలిఫర్డ్ దగ్గర పెద్ద రోడ్డు దాటాలి. ఎర్రలైట్లు వెలుగుతాయి, అటూ ఇటూ కార్లు, లారీలు వరసగా ఆగుతాయి, మధ్యలోంచి ఈ పొట్టి ట్రామ్ గంట కొట్టుకుంటూ దాటుతుంది. అది దాటాక ఇక నది. పోటు తగ్గి బురద తేలి ఉంది. తెల్లకొంగలు చాలా ఉన్నాయి, మన చేలల్లో తిరిగేవాటిలాంటివే. బాతులు ఉన్నాయి. వంకర ముక్కుతో బురదలో గుచ్చుకుంటూ తిరిగే పక్షులు ఉన్నాయి. ఆశ్చర్యం ఏమిటంటే ట్రామ్ పక్కనుంచి పోతున్నా అవి ఎగిరిపోలేదు. వాటికి అలవాటైపోయింది. పక్షులు చూసేవాళ్ల కోసమే ప్రత్యేకంగా ట్రాములు నడుపుతారు, వివరించే మనిషి పక్కన ఉంటాడు. ఏడాదికి లక్షమందికి పైగా ఎక్కుతారు. అంత చిన్న ఊరికి లక్షమంది! హోటళ్లకు, కొట్లకు, అద్దె గదులకు అది ఎంత ఆసరా అన్నది వేరే చెప్పనక్కర్లేదు. అసలు రైలు నష్టం అని మూసేసిన దారే కదా ఇది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. కెనడాలో ఎడ్మంటన్ వెళ్లిన మన పిల్లలు ఒకటి చూసే ఉంటారు. 1913లో కట్టిన హై లెవల్ బ్రిడ్జి, 777 మీటర్ల పొడుగు, నది మీద చాలా ఎత్తున. పైన మధ్యలో కెనడియన్ పసిఫిక్ రైళ్లు నడిచేవి. 1989తో ఆ రైళ్లు ఆగిపోయాయి. ఇప్పుడు అదే దారిలో ఔత్సాహికుల సంఘం ఒకటి పాత ట్రాములు నడుపుతోంది. వాటిలో ఒకటి జపాన్‌లోని ఒసాకా నుంచి వచ్చింది, 1921 నాటిది. అక్కడా అదే కథ. వంతెన ఎవరూ కూల్చలేదు, దారి ఎవరూ ముక్కలు చేయలేదు, కాబట్టి ట్రామ్ వచ్చింది.

మరి దీనికి ఎదురు ఉదాహరణ? మన మద్రాసే. 1895లోనే ఎలక్ట్రిక్ ట్రామ్ నడిచిన ఊరు. అప్పటికి చాలా పెద్ద ఊళ్లకు లేదు. మనవాళ్లు ఎంతమంది ఆ ట్రామ్‌లో చదువులకు, ఉద్యోగాలకు, కచేరీలకు తిరిగారో! 1953 ఏప్రిల్‌లో ఆగిపోయింది. అది వీధిలో నడిచిన ట్రామ్. పట్టాలు తీస్తే మిగిలేది వీధే. అక్కడ మళ్లీ మొదలెట్టడానికి విడిగా దారి అంటూ ఏదీ లేదు. రైలు దారి అలా కాదు. అది వేరుగా, కొలిచి, కట్టపోసి, వంపులు లెక్కగట్టి చేసిన నేల. పట్టాలు తీసేసినా ఆ పని నేలలో అలాగే ఉంటుంది.

అందుకే ఎక్కడైనా గేజ్ మార్పిడిలో పాత లైను పక్కకు తప్పినప్పుడో, మిల్లు సైడింగు, అంటే మిల్లులోకి వేసిన పక్క లైను, మూతపడినప్పుడో, ఆ పట్టీని ముక్కలుగా అమ్మేయకండి అని అడగాలి. వెంటనే ట్రామ్ వేయమని నేను అనడం లేదు. పదేళ్లు నడకదారిగా ఉండనివ్వండి, సైకిల్ దారిగా ఉండనివ్వండి. ఒకే ముక్కగా ఉంచండి, అంతే. లేన్‌కి సీటన్ దొరికింది లైను మూసిన మూడు నాలుగేళ్లకే. ఇంకో పదేళ్లు ఆలస్యమైతే పాత స్టేషన్ స్థలం పోయినట్టే మిగిలిన మూడు మైళ్లూ పోయి ఉండేవి.

అమ్మా, మీరు చెయ్యెత్తారు, అడగండి... మళ్లీ రైలే వేయొచ్చు కదా, ట్రామ్ ఎందుకు అంటున్నారు. బాగుంది. రోజూ వెళ్లొచ్చే జనం ఉంటే రైలే వేయాలి, కోటిపల్లికి వేసినట్టు. అందులో రెండో మాట లేదు. సీటన్‌లో పరిస్థితి వేరు. కోలిటన్ తర్వాత మెయిన్ లైను దాకా దారి పోయింది. సీటన్ జంక్షన్ స్టేషనే మూతపడింది, ఇప్పుడు అక్కడ రైళ్లు ఆగవు, దాటిపోతాయి. రెండు వైపులా తెగిన మూడు మైళ్ల ముక్కలో పెద్ద రైలు ఏం చేస్తుంది? దానికి తగినది ట్రామే.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. సీటన్‌కి ఇప్పుడు రైలు లేదు కదా, దగ్గర స్టేషన్ యాక్స్‌మిన్‌స్టర్. లండన్ వాటర్లూ నుంచి నేరుగా రైలు ఉంది, అక్కణ్నుంచి బస్సు. చలికాలంలో ట్రాములు రోజూ నడవవు, ముందే టైంటేబుల్ చూసుకుని వెళ్లండి. గాలి బాగా కొడుతుంది, స్వెట్టర్ మరిచిపోకండి. సీటన్‌లో ఎక్కితే, కోలిటన్ వెళ్లే దిశలో నది మీ కుడిచేతి వైపు ఉంటుంది, ఆ వైపు కూచోండి.